కత్తికి వెల, భాగస్వామికి న్యాయం

హజ్రత్ ఖబ్బాబ్ బిన్ అరత్ (రజి) మక్కా నగరంలో కమ్మరి పని చేసేవారు. ఖడ్గాలు చేయడమే ఆయన జీవనాధారం. ఖురైషు ప్రముఖుల్లో ఒకడైన ఆస్ బిన్ వాయిల్ ఆయన చేత పని చేయించుకున్నాడు గాని వెల చెల్లించలేదు. బాకీ అడగడానికి వెళ్ళినప్పుడు, ముహమ్మద్ (స)ను తిరస్కరిస్తే తప్ప డబ్బు ఇవ్వనని షరతు పెట్టాడు. నీవు మరణించి తిరిగి లేపబడినా నేనా పని చేయనని ఖబ్బాబ్ బదులిచ్చారు. తిరిగి లేచాక తనకు సంపద, సంతానం ఎలాగూ ఉంటాయి గనుక అప్పుడే బాకీ తీరుస్తానని ఆస్ ఎగతాళి చేశాడు. సూరా మర్యమ్‌లో 77వ ఆయతు నుండి వచ్చే కొన్ని ఆయతులు ఈ సందర్భంలోనే అవతరించాయని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

మదరసాలలో ఈ ఉదంతాన్ని విశ్వాస దృఢత్వానికి నిదర్శనంగా బోధిస్తాము. అది సబబే. అయితే ఇందులో ఒక చేతిపనివాని కష్టం కూడా ఉంది. పని పూర్తయింది. ఖడ్గం కొనుగోలుదారుని చేతికి చేరింది. డబ్బు మాత్రం అతని వద్దే ఉండిపోయింది. అప్పుడు బలం ఎవరి పక్షాన ఉంటుందో చెప్పనక్కరలేదు. పనితో ఏ సంబంధమూ లేని షరతును కూడా ఆ బలవంతుడు పెట్టగలిగాడు. ఈ రెండవ కోణం మీద మనం ఎక్కువగా మాట్లాడుకోము. మన పల్నాటిలో కమ్మరి కొలిమి చుట్టూ ఇటీవల మొదలైన వ్యాపారాలను చూస్తుంటే, మాట్లాడుకోవలసిన సమయం వచ్చిందనిపిస్తున్నది.

నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల గ్రామాలలో కొలిమి అంటే ప్రధానంగా వ్యవసాయపు పనే. కొడవళ్ళు, గొడ్డళ్ళు, పారలు, నాగటి కర్రులు. ట్రాక్టర్లు వచ్చాక కర్రు పని తగ్గింది. కార్ఖానాలలో తయారైన చవక కత్తులు అంగళ్ళలోకి వచ్చాక ఇంటి కత్తుల పనీ తగ్గింది. బక్రీదుకు ముందు నెల రోజులు మాత్రం కొలిమి వద్ద మన వారి రద్దీ కనిపిస్తుంది. పాత కత్తికి సాన పట్టించుకునేవారు, కొత్త కత్తి చేయించుకునేవారు వస్తారు. జిబహ్ చేసేవాడు కత్తిని బాగా పదును పెట్టుకోవాలని, జంతువుకు బాధ తగ్గించాలని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖనం ముస్లిం గ్రంథంలో ఉన్నది. ఆ ఆదేశాన్ని మనం పాటించగలగడం వెనుక కొలిమి ముందు కూర్చున్న ఒక మనిషి నైపుణ్యం ఉన్నది.

ఇప్పుడు దీనికి మరొక గిరాకీ తోడయింది. చేతితో కొట్టిన కత్తి కావాలని, పిడి ఫలానా కొయ్యతో ఉండాలని, పొడవు ఇంత, బరువు ఇంత అని చెప్పి చేయించుకునే వారు హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నారు. వంటవారు, మాంసం దుకాణదారులు, ముచ్చటపడి కత్తులు సేకరించేవారు. వారికీ పల్లెలోని కమ్మరికీ నడుమ ఫోను చేతబట్టిన మన యువకులు నిలబడ్డారు. హలాల్ సంపాదనకు ఇది చక్కని దారి. సమస్య ఎక్కడంటే, ఆ నడుమ నిలబడినవారికీ కమ్మరికీ మధ్య ఉన్న సంబంధం ఏమిటో ఎవరూ ముందుగా తేల్చుకోవడం లేదు.

ఇటువంటి తగవు ఒకటి నా వద్దకు వచ్చింది. గురజాల వైపు ఒక గ్రామంలోని కమ్మరి, పట్టణానికి చెందిన ఇద్దరు ముస్లిం యువకులు. కమ్మరి మన మతస్థుడు కాడు. ఆ యువకులు ఆయనను చిన్ననాటి నుండి ఆచారి బాబాయి అనే పిలుస్తారు. ముగ్గురూ నోటిమాటగా "భాగస్వామ్యం" పెట్టుకున్నారు. లారీ కమాను పట్టీలతో వంట కత్తులు, మాంసం కత్తులు చేయాలి. కత్తికి 700 రూపాయలు కమ్మరికి. యువకులు దానిని 1,800కు అమ్మారు. నలభై కత్తులు పంపితే ఆరు తిరిగి వచ్చాయి. కొన్నింటికి పిడి వదులైంది, కొన్నింటికి వాదర పెచ్చులూడింది. ఆ ఆరింటి అమ్మకపు ధర, అంటే 10,800 రూపాయలు, కమ్మరికి రావలసిన 28,000 నుండి మినహాయించారు.

"సాయిబు గారూ, లాభం వచ్చినప్పుడు నేను కూలివాణ్ణి, కత్తి తిరిగొచ్చినప్పుడు భాగస్తుణ్ణి. ఇదేం లెక్కండీ?" అని ఆయన అడిగాడు.

యువకులు దుర్మార్గులు కారు. "హజ్రత్, నష్టంలో అందరూ పాలు పంచుకోవాలని మీరే కదా చెప్పారు" అన్నారు నాతో. చెప్పిన మాట నిజమే. వారు విన్నది మాత్రం సగం.

షరీఅత్‌లో ఇటువంటి పనికి మూడు దారులు ఉన్నాయి. కమ్మరి తన ఇనుముతో, తన బొగ్గుతో, చెప్పిన కొలతల ప్రకారం వస్తువు చేసి ఇస్తే అతడు విక్రేత. దీనిని ఫికహ్ పరిభాషలో ఇస్తిస్నా అంటారు, అంటే చెప్పి చేయించుకునే కొనుగోలు. ఇనుము మనదే అయి, అతడు పని మాత్రమే చేసి పెడితే అతడు కూలి తీసుకునే పనివాడు, అది ఇజారా. ఇద్దరూ కలిసి పెట్టుబడినో శ్రమనో పెట్టి, వచ్చిన లాభాన్ని నిర్ణీత నిష్పత్తిలో పంచుకుంటే అది షిర్కత్, అనగా భాగస్వామ్యం. ఒక్కొక్క దారికి ఒక్కొక్క హక్కు, ఒక్కొక్క బాధ్యత ఉన్నాయి. విక్రేత తన వెల తాను చెబుతాడు, వస్తువులోని లోపానికి జవాబుదారీ వహిస్తాడు. కూలివాడు తన నిర్లక్ష్యం లేనంతవరకు వ్యాపార నష్టంతో నిమిత్తం లేకుండా కూలి పొందుతాడు. భాగస్వామి నష్టాన్ని భరిస్తాడు, కాని లాభంలోనూ వాటా పొందుతాడు. మన ఊళ్ళలో జరుగుతున్నదేమంటే, ఈ మూడింటిలోనూ కమ్మరికి భారమైన భాగాన్ని ఏరి ఒకచోట చేర్చి, దానికి భాగస్వామ్యమని పేరు పెట్టడం. వెల నిర్ణయించేటప్పుడు అతడు కూలివాడు. లోపం కనిపించినప్పుడు విక్రేత. నష్టం వచ్చినప్పుడు భాగస్వామి. లాభం వచ్చిన రోజున మాత్రం అతనికి ఏ పేరూ లేదు.

ఆ లెక్కను ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టి కాగితం మీద వేయించాను. ధర నిర్ణయించడం తెలియకపోవడమే సగం తగవులకు మూలమని నా అభిప్రాయం గనుక దీనిని కొంత వివరంగా చెబుతాను.

ఒక కత్తికి కమాను పట్టీ ముక్క, పిడి కొయ్య, చీలలు కలిపి 180 రూపాయలు. బొగ్గులు, కరెంటు, సాన చక్రం అరుగుదల 90. సమ్మెట కొట్టే సహాయకునికి 130. కమ్మరికి ఒక్కో కత్తికి సుమారు ఐదు గంటల పని. గంటకు 120 చొప్పున 600. మొత్తం 1,000. ఇక్కడితో ఆగిపోతే లెక్క తప్పుతుంది. ఎర్రగా కాగిన కత్తిని నూనెలో ముంచి గట్టిపరిచే క్షణంలో కొన్ని సన్నగా చిట్లుతాయి, కొన్ని వంకర పోతాయి. అదివరకే ఏ లారీ కిందనో ఏళ్ళ తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనిపించని పగులు ఉండవచ్చు. నలభై మంచి కత్తులు రావడానికి ఆయన నలభై నాలుగు చేయవలసి వచ్చింది. అంటే 44,000 ఖర్చు నలభై కత్తుల మీద పడాలి. కత్తి ఒక్కింటికి 1,100. దానికి యువకులు పెట్టిన ఒర, పెట్టె, పంపకపు ఖర్చు 150 కలిపితే 1,250. అమ్మకం 1,800.

ఇప్పుడు ఆయన చేతికి ఏమి వచ్చిందో చూడండి. మినహాయింపు పోను 17,200. నలభై నాలుగు కత్తులకు ఇనుము, బొగ్గు ఖర్చు 11,880. మిగిలింది 5,320. సహాయకునికి ఇవ్వవలసినది 5,720. ఆరు వారాలు కొలిమి ముందు కూర్చుని, చివరికి ఆ మనిషి తన జేబు నుండి 400 రూపాయలు పెట్టుకున్నాడు. తిరిగి వచ్చిన ఆరు కత్తులను పూర్తిగా నష్టంగా రాసుకున్నా, అందరి ఖర్చులు, కమ్మరి శ్రమ విలువ పోను వ్యాపారంలో 11,200 లాభం ఉన్నది. అంటే అక్కడ పంచుకోవలసిన నష్టమే లేదు. యువకులు కాగితం వైపు చాలాసేపు చూశారు. వారికి ఆ అంకెలు అప్పటివరకు తెలియవు, ఎందుకంటే ఎన్ని కత్తులు చెడిపోయాయని ఎవరూ ఆయనను అడగలేదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఎక్కువ లాభం తీసుకోవడమే తప్పని కొందరు భావిస్తారు. అది సరికాదు. దైవప్రవక్త (స) ఒక గొర్రె కొనుక్కురమ్మని ఉర్వా బారిఖీ (రజి)కి ఒక దీనారు ఇచ్చి పంపితే, ఆయన దానితో రెండు గొర్రెలు కొని, ఒకదానిని దీనారుకు అమ్మి, గొర్రెతో పాటు దీనారునూ తెచ్చి సమర్పించారు. దైవప్రవక్త (స) ఆయన వ్యాపారంలో శుభం కలగాలని దుఆ చేశారు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు వెలలు నిర్ణయించమని కోరినా ఆయన (స) అంగీకరించలేదు. కాబట్టి 1,100 కత్తిని 1,800కు గాని, కొనేవాడు ఇష్టపడితే 2,500కు గాని అమ్మడం హరాం కాదు. పరిశీలించవలసినది ఆ 1,100 నిజంగా చెల్లించామా, కొనేవానికి నిజం చెప్పామా అన్నది.

నిజం చెప్పడం అన్నప్పుడు ఒక విషయం గుర్తుకు వస్తున్నది. కమాను పట్టీతో చేసిన కత్తి మీద ఆమ్లంతో అలల గీతలు తెప్పించి, "డమాస్కస్" కత్తి అని అమ్మేవారు ఉన్నారు. ఇది తదలీస్, అంటే లోపాన్ని దాచి లేని గుణాన్ని చూపడం. ధాన్యపు రాశిలో లోపలి తడిని దాచిన వ్యాపారిని దైవప్రవక్త (స) ఎంత కఠినంగా మందలించారో పాఠకులకు తెలుసు. పైగా ఆ పేరుతో మోసం చేయడం తెలుగువారికి మరింత సిగ్గుచేటు. ఆ ప్రఖ్యాత ఖడ్గాలకు ముడిసరుకైన ఉక్కు వచ్చిన చోట్లలో నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒకటి. హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయుడు అక్కడి ఉక్కు తయారీని స్వయంగా చూసి వ్రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాను నుండి వచ్చిన ఒక ముస్లిం వర్తకుడు ఆయనకు ఆ ఊరిలో తారసపడ్డాడు. సరుకు కోసం అంత దూరం ప్రయాణించి కొలిమి వద్దకే వచ్చిన వ్యాపారి అతడు. నరసరావుపేట నుండి గురజాల వైపు పల్లెకు వెళ్ళి, కత్తి ఎలా తయారవుతుందో ఒక పూట కూర్చుని చూడమంటే మన పిల్లలకు తీరిక లేదు! చూసి ఉంటే, 700 అన్న అంకె వారి నోట వచ్చేదే కాదు.

మన గ్రంథాలలో కమ్మరికి ఉన్న స్థానాన్ని కూడా వారికి గుర్తు చేశాను. దావూద్ (అలై)కు అల్లాహ్ ఇనుమును మెత్తబరచి, కవచాల తయారీ నేర్పిన సంగతి సూరా సబాలో ఉన్నది. ప్రవక్త అయి, రాజు అయి కూడా ఆయన తన చేతి కష్టంతోనే తిన్నారని హదీసు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పాలు తాగి పెరిగినది అబూ సైఫ్ అనే కమ్మరి ఇంటిలో. బిడ్డను చూడటానికి ఆయన (స) వెళ్ళినప్పుడు ఆ ఇల్లు తిత్తి పొగతో నిండి ఉండేదని హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. ముందుగా పరుగెత్తి వెళ్ళి తిత్తి ఆపమని చెప్పింది అనసే. ఆ పొగలోకి వెళ్ళడానికి ఆయన (స) వెనుకాడలేదు.

మరి చెప్పి చేయించుకునే కత్తి నచ్చకపోతే? దీనిపై మన ఇమాముల మధ్య చర్చ ఉన్నది. ఇమాం అబూ హనీఫా (రహ్మ) ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం, చేయించుకున్నవాడు వస్తువును చూశాక వద్దనవచ్చు. ఇమాం అబూ యూసుఫ్ (రహ్మ) నుండి వచ్చిన అభిప్రాయం ప్రకారం, చెప్పిన కొలతలకు సరిపోతే వద్దనే హక్కు లేదు. ఎందుకంటే ఒకరి కోసం ఒక రీతిలో చేసిన వస్తువును మరొకరు కొనకపోవచ్చు, పనివాడు నష్టపోతాడు. ఉస్మానియా ప్రభుత్వం 1869, 1876 సంవత్సరాల మధ్య రూపొందించిన మజల్లా న్యాయస్మృతి 392వ నిబంధనలో ఈ రెండవ అభిప్రాయాన్నే స్వీకరించింది. కత్తి మీద పేరు చెక్కించుకుని, ఎడమచేతి వాటానికి పిడి చేయించుకుని, తీరా వచ్చాక మనసు మారిందనేవారి విషయంలో ఇదే న్యాయమని నేనూ భావిస్తాను. చెప్పిన కొలత తప్పితే మాత్రం తిప్పి పంపే హక్కు కొనేవానికి ఉంటుంది. అందుకే ఉక్కు రకం, పొడవు, మందం, పిడి కొయ్య, గడువు, అన్నీ ముందే రాసుకోవాలి.

ఇంకొక పొరపాటు కూడా ఎక్కువగా జరుగుతున్నది. కమ్మరి ఇంట ఉన్న కత్తి ఫొటో తీసి, తాను కొనకముందే తనదిగా అమ్మేయడం. తన వద్ద లేని వస్తువును అమ్మవద్దని హకీం బిన్ హిజాం (రజి)కి దైవప్రవక్త (స) చెప్పి ఉన్నారు. దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. ముందు కొని, స్వాధీనం చేసుకుని అమ్మవచ్చు. లేదా కమ్మరి తరఫున దలాలీగా, ఇంత రుసుమని ఆయనకు చెప్పి అమ్మవచ్చు. లేదా కొనేవానితో చేయించి ఇచ్చే ఒప్పందం ఒకటి, కమ్మరితో మరొకటి, రెండు వేర్వేరుగా చేసుకోవచ్చు. ఈ మూడవ పద్ధతిలో కొనేవానికి జవాబు చెప్పవలసినది యువకుడే. కమ్మరి ఆలస్యం చేశాడని అతడు తప్పించుకోలేడు.

పెట్టుబడి సంగతి అడిగితే మరో ముడి బయటపడింది. ఆ యువకులలో ఒకరి మామూ లక్ష రూపాయలు ఇచ్చి, నెలకు 3,000 చొప్పున ఇమ్మన్నారట. "వడ్డీ కాదు హజ్రత్, లాభంలో వాటా" అన్నాడు అబ్బాయి. వ్యాపారం నడిచినా నడవకపోయినా, అసలుకు ఢోకా లేకుండా నెలనెలా వచ్చే స్థిరమైన మొత్తాన్ని లాభమని పిలిచినంత మాత్రాన అది లాభం కాదు. ఒకరి సొమ్ము, మరొకరి శ్రమ కలిసే ముజారబత్‌లో లాభం నిష్పత్తి రూపంలోనే ఉండాలి. పనిచేసేవారి నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే సొమ్ము పోయేది సొమ్ము గలవానికి, శ్రమ పోయేది శ్రమ పడినవానికి. మామూ గారిని పిలిపించి చెప్పాను. రెండు రోజులు గడువు అడిగి, లాభంలో నూటికి 40 అన్న మాటకు ఒప్పుకున్నారు.

ముస్లిమేతరునితో వ్యాపార ఒప్పందం చేసుకోవచ్చునా అని కొందరు నన్ను అడిగారు. ఖైబర్ భూములను పంటలో సగం చొప్పున అక్కడి యూదులకే సాగుకు ఇచ్చింది దైవప్రవక్త (స). ఇంతకంటే చెప్పవలసినది లేదు. అన్నట్లు, 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమ్మరం కూడా ఉన్నది. పనిముట్లకు 15,000 రూపాయల సాయం ఉంది. ఆ సాయం అర్హులైన ఎవరైనా తీసుకోవచ్చు. అందులోని రుణానికి 5 శాతం వడ్డీ ఉంది గనుక మన వారు దాని జోలికి పోకూడదు.

ఒక హెచ్చరికను విస్మరించలేను. మనది పల్నాడు. 2024 మే 13 పోలింగు రోజునా, ఆ తర్వాతా మాచర్ల, నరసరావుపేటల్లో ఏమి జరిగిందో అందరం చూశాము. కల్లోలం వేళ, కల్లోలానికి దిగేవాడని తెలిసిన వ్యక్తికి ఆయుధం అమ్మడాన్ని మన ఫుఖహా అయిష్టకార్యమన్నారు. పాపానికి తోడ్పడవద్దని సూరా మాయిదా రెండవ ఆయతులో అల్లాహ్ ఆదేశం ఉండనే ఉంది. దేశ చట్టం కూడా స్పష్టమే. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన 2016 నియమావళి ప్రకారం, ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు, శాస్త్రీయ అవసరానికి ఉద్దేశించినవి కాకుండా, 9 అంగుళాలకు మించిన పొడవు గాని 2 అంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. వంటకత్తి వేరు, గోడకు తగిలించుకునే బాకు వేరు. ఎవరు అడుగుతున్నారు, దేనికి అడుగుతున్నారు అన్నది తెలుసుకోకుండా పొడవాటి కత్తులకు ఆర్డరు పట్టకూడదు. "అలంకారానికే" అన్న ఒక్క మాట చాలదు.

చివరకు ఆ ముగ్గురూ ఏమి చేశారు? ఆచారి గారికి లాభంలో వాటా ఇస్తామని యువకులు ముందుకు వచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. "నాకు భాగం వద్దు సాయిబు గారూ. మీ పట్టణం లెక్కలు నేను చూడలేను. నా కత్తికి నా ధర నాకిస్తే చాలు" అన్నాడు. అది ఆయన హక్కు. ఆయన విక్రేతగానే ఉన్నాడు. మినహాయించిన సొమ్మును యువకులు తిరిగి ఇచ్చి, పాత నలభై కత్తులకు 1,100 చొప్పున లెక్క సరిచేశారు. మామూ గారితో యువకుల ఒప్పందం వేరే కాగితం. అప్పు లావాదేవీలను రాసుకోవాలన్న సూరా బఖరా 282వ ఆయతు ఆదేశం ప్రకారం ఇద్దరేసి సాక్షుల సంతకాలు కూడా అయ్యాయి.

కమ్మరితో రాసుకున్న కాగితంలో ఇలా ఉన్నది: కత్తి ఒక్కింటికి 1,100, సగం సొమ్ము పని మొదలుపెట్టే ముందు, మిగిలినది కత్తి అప్పగించిన రోజున. వాదర చిట్లినా, పిడి ఆరు నెలల లోపు వదులైనా ఆయన ఉచితంగా బాగుచేసి ఇస్తాడు. రవాణాలో చెడినది, కొన్నవాడు ఎముకలు కొట్టి పాడుచేసినది ఆయనకు సంబంధం లేదు. కమాను పట్టీ ధర మారితే వెల మళ్ళీ మాట్లాడుకోవాలి. బక్రీదుకు ముందు నలభై రోజులలో కొత్త ఆర్డర్లు తీసుకోరు, ఎందుకంటే ఆ రోజులు ఊరివారి సాన పనికి. కొడవళ్ళు, గొడ్డళ్ళు ఈ ఒప్పందంలోకి రావు. అవి ఎప్పటిలాగే రైతులకు ఆయన సొంత అమ్మకం. ఆ చివరి రెండు మాటలూ ఆయనే చెప్పి రాయించాడు.